తెల్లటోపీ - చెమట మరక

ఇంటి వసారాలో మేకునకు వ్రేలాడుచున్న టోపీని ఒకమారు చేతిలోనికి తీసికొని, వెల్లకిల త్రిప్పి చూడుడు. పైకి ఎంత శుభ్రముగా నున్నను, లోపల నుదుటికి ఆనుచోట ఒక వలయము కనబడును. కొన్ని టోపీలలో అది నల్లగను, కొన్నింట పసుపుపచ్చగను ఉండును. దాని అంచున ఒక సన్నని తెల్లని గీత యుండును. చొక్కా మాసినచో సాయంకాలమునకే విడిచి ఉతుకవేయుదుము. ధోవతిని అనుదినము జాడించి ఆరవేసికొందుము. తలపై పెట్టుకొను వస్తువును ఉతుకవలెనను సంగతి మాత్రము పండుగకో పెండ్లికో గాని మనకు జ్ఞప్తికి రాదు. శిరస్సు ఉత్తమాంగమని పెద్దలు చెప్పిరి. ఆ ఉత్తమాంగమును కప్పు గుడ్డపై మన శ్రద్ధ ఇంతమాత్రము.

ఇది అల్పవిషయమని శ్రోతలు తలంపవచ్చును. మేమును మొదట అట్లే తలంచితిమి. కాని మన దేశచరిత్రలో ఒక ఘట్టమున, ఈ మరకను గూర్చి ఒక మహనీయుడు తీరికగా ఆలోచించిరి. ఆ ఆలోచన ఫలముగా ఒక టోపీ పుట్టినది. ఆ టోపీ ఒక మహోద్యమమునకు గుర్తయినది. ఆ ముచ్చట చెప్పుటయే మా ఉద్దేశము. దానికి ముందు మరక స్వభావమును, దానిని పోగొట్టుటకు మన పూర్వులు ఇంటను, పెరటిలోను, రేవు ఒడ్డునను సమకూర్చుకొనిన సాధనములను కొంచెము విచారింతము.

చెమటలో నూటికి దాదాపు 99 పాళ్లు నీరే. మిగిలినదానిలో ముఖ్యమైనది ఉప్పు. కొలదిగా యూరియా, లాక్టికామ్లము మున్నగునవి ఉండును. నీరు ఆరిపోగా ఉప్పు మిగులును. టోపీ అంచున కనబడు తెల్లని గీత అదియే. ఇంతే అయినచో చన్నీటిలో ముంచి తీసిన చాలును, ఉప్పు కరగిపోవును. కాని తలవెండ్రుకల కుదుళ్లయందు తైలగ్రంథులు కలవు. అవి స్రవించు జిడ్డు, మనము రాచుకొను కొబ్బరినూనె లేక ఆముదము, రాలిన చర్మపు పొట్టు, వీథిలోని దుమ్ము - ఇవన్నియు చెమటతో కలిసి గుడ్డలోనికి ఇంకును. జిడ్డు గాలి సోకి నాళ్లు గడచిన కొలది పసుపుపచ్చనగును. దుమ్ము దానికి అంటుకొని నల్లనగును. కావున చెమట మరక అని మనము ఒకే పేరు పెట్టినను, అది రెండు మరకల కలయిక. ఒకటి నీటికి లొంగునది; రెండవది లొంగనిది.

నీటికి లొంగని జిడ్డును తీయుటకు మానవుడు మూడు ఉపాయములు కనిపెట్టెను. మొదటిది, జిడ్డును పీల్చుకొను పొడిని చల్లి, అది పీల్చిన తరువాత దులిపివేయుట. ముల్తానీమట్టి, సుద్దపొడి, తవుడు, పిండి ఈ తరగతిలోనివి. రెండవది, క్షారముతో జిడ్డును కరగించుట. చౌటిమన్ను, బూడిదనీరు, చాకలిసోడా ఈ పని చేయును. మూడవది, నురుగు పుట్టించు పదార్థముతో జిడ్డును గుడ్డనుండి లేవదీసి నీటిలో తేల్చివేయుట. కుంకుడుకాయ చేయుపని ఇది. సబ్బు చేయుపనియు ఇదియే. ఎన్ని కొత్త పేర్లతో అంగళ్లలో పొడులు వెలసినను, వాని పనిలో ఎక్కువపాలు ఈ మూడు దారులలోనే నడచును.

ఈ సంగతులు మన పూర్వులకు చక్కగా తెలియును. మనుస్మృతి అయిదవ అధ్యాయమున ద్రవ్యశుద్ధిని చెప్పుచోట, ఏ గుడ్డను దేనితో శుభ్రపరుపవలెనో వివరముగా నున్నది. పట్టునకు, ఉన్నికి చౌటిమన్ను; కంబళ్లకు కుంకుడుకాయలు; సన్నని నారపట్టులకు మారేడుపండ్లు; అవిసెనార బట్టలకు తెల్లావాలు. ఇందులో గమనింపదగిన విశేషమేమనగా, గుడ్డలన్నింటికి ఒకే మందు చెప్పలేదు. రోగిని బట్టి ఔషధమన్నట్లు, గుడ్డను బట్టి శుద్ధి. నేటికిని ఇల్లాండ్రు మరచి నష్టపోవునది ఈ సూత్రమునే.

కౌటిల్యుని అర్థశాస్త్రము నాలుగవ అధికరణమున రజకులకు కట్టుబాట్లు కలవు. కొయ్యపలకలమీదను, నున్నని రాళ్లమీదను మాత్రమే బట్టలు ఉతుకవలెను. అన్యత్ర ఉతికి బట్టను పాడుచేసినచో నష్టముతో పాటు 6 పణముల దండన. ఉతుకుటకు ఇచ్చిన బట్టలను రజకుడు తాను కట్టుకొనరాదు. గుదియ గుర్తు వేసిన బట్టలనే అతడు కట్టుకొనవలెను. లేనిచో 3 పణములు దండుగ. పరుల బట్టలను అమ్మినను, అద్దెకిచ్చినను, కుదువ పెట్టినను 12 పణములు. ఎంత తెలుపు కోరినచో అన్ని రాత్రులు గడువు. మొగ్గవలె తెల్లనైన బట్టకు ఒక గడువు, అంతకు మించిన తెలుపునకు ఇంకొక రాత్రి అధికము. మొదటి ఉతుకుతో బట్ట విలువలో నాలుగవపాలు తరుగునని కూడ అందు లెక్కించిరి. తెలుపు ఊరక రాదనియు, దానికి కాలము, శ్రమ, బట్ట అరుగుదల మూల్యముగా చెల్లింపవలెననియు నాటివారు ఎరుగుదురు.

మన తెలుగునాట ఈ శ్రమ చాకిరేవున జరిగెను. చౌటినేలలలో వేసవి దినములందు నేలపై తెల్లగా పొంగు మన్నును గోకి తెచ్చి, ఆ నీటిలో బట్టలను నానవేసి, బానలో ఉడికించి, బండపై బాది, ఎండలో ఆరవేయుట తరతరముల విద్య. ఆ మన్నులో సోడా జాతి క్షారములుండును. రసాయనశాస్త్రము వానికి పేరు పెట్టకమునుపే మన రజకులు వానిని చేతి స్పర్శతోను, నాలుకతోను గుర్తించిరి. ఈ వృత్తికి మన సాహిత్యమున గౌరవస్థానము లేకపోలేదు. 12వ శతాబ్దమున కల్యాణనగరమున బసవేశ్వరుని సమకాలికుడై, శివభక్తుల బట్టలు ఉతుకుటయే తన పూజగా భావించిన మడివాలు మాచయ్య కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పెను. పరుల దేహపు మాలిన్యమును తన చేతులతో పోగొట్టువాడు భక్తులలో అగ్రగణ్యుడగుట ఆ కథలోని విశేషము.

ఇక తలపై ధరించు వస్తువుల మాటకు వత్తము. పొలములో పనిచేయు రైతు తలగుడ్డకు మరక బాధ లేదు. అది తలపాగా, తువాలు, చుట్టకుదురు, మూట - అన్నియు తానే. సాయంకాలము బావి దగ్గర దానితోనే ఒడలు తుడుచుకొని, దానినే పిండి ఆరవేయును. దినదినమును ఉతుకు గుడ్డలో మరక నిలువదు. చిక్కు వచ్చినది కచేరీ తలపాగాలకు. అవి మడతలు చెదరకుండ ఒకమారు చుట్టి, గట్టిపరచి, పెట్టెలో భద్రపరచునవి. నీరు తగిలినచో ఆకారము చెడును. అందుచేత అవి ఏండ్ల తరబడి చెమటను త్రాగుచునే యుండెను. ముదురు రంగు వేసిన బట్ట యగుటచే ఆ సంగతి చూచువారికి తెలియకుండెను.

దొరల టోపీల సంగతియు అంతే. ఫెల్టుటోపీ నేసిన గుడ్డ కాదు. ఉన్నినో, కుందేటి బొచ్చునో ఆవిరిలో నలిపి, ఒత్తి, అట్టవలె చేసి, లక్కతో బిగించి అచ్చుమీద ఆకారము తెచ్చిన వస్తువది. వేడినీటిలో ముంచితిమా, ముడుచుకొని పనికిరాకుండ పోవును. కావుననే దాని లోపల నుదుటికి తగులుచోట తోలుపట్టీ యొకటి కుట్టుట ఆచారమయ్యెను. చెమటను ఆ పట్టీ త్రాగును; ఫెల్టునకు ఎక్కనీయదు. ఎక్కినచో ఆ యిండ్లలో చేసికొను చికిత్స పొడి చికిత్సయే. పట్టీని వెలికి మడచి, మరకపై సుద్దపొడియో ముల్తానీమట్టియో చల్లి, రాత్రియంతయు ఉంచి, తెల్లవారిన తరువాత మెత్తని కుంచెతో బొచ్చు వాలు ననుసరించి దులుపుదురు. వెచ్చచేసిన తవుడుతోను, ఎండిన రొట్టెముక్కతోను రుద్దుటయు కలదు. తడి తగులక జిడ్డు మాత్రము పోవలెనన్నచో ఇంతకంటె దారి లేదు. నేటికిని ఫెల్టుటోపీ ఉన్నవారికి ఇదియే మేలైన పద్ధతి.

సోలాటోపీ మరియొక విధము. సోలా అనగా మన చెరువులలో, కుంటలలో పెరుగు జీలుగు. దాని బెండుతో మన పిల్లలు బొమ్మలు చేసికొందురు. పెండ్లిబాసికములకును ఆ బెండును వాడుదురు. ఆ బెండునే పలుచని పొరలుగా అతికి, పైన గుడ్డ తొడిగి దొరలు ఎండకు టోపీగా చేసికొనిరి. బరువు తక్కువ, ఎండను చక్కగా ఆపును. కాని అతికిన బెండు తడికి ఓర్వదు. కావున దానిని కడుగుటకు బదులు తెల్లసుద్దను నీటిలో కలిపి పైన పూయుచుండిరి. సుద్ద పూసిన టోపీ కవాతున మెరయును. కాని లోపలి మరక లోపలనే యుండును. ఇది మరకను తీయుట కాదు, కప్పుట.

ఇట్లు ఇరువదవ శతాబ్దారంభమున మన దేశమున పెద్దమనుష్యుల తలలపై నుండిన వస్తువులలో పెక్కు, ఉతుకుటకు వీలులేనివి, లేక ఉతుకనవసరము లేదన్నట్లు మరకను దాచునవి. ఈ స్థితిలో గాంధీజీ కథ ప్రవేశించును.

1893 లో గాంధీజీ దక్షిణాఫ్రికాలోని డర్బను నగరమున అడుగిడిన కొలదిదినములకే తలపాగా సమస్యగా పరిణమించెను. న్యాయస్థానమున మేజిస్ట్రేటు తలపాగా తీయుమనెను. వారు తీయక బయటికి వచ్చివేసిరి. ఈ తగవెందుకు, ఇంగ్లీషుటోపీ పెట్టుకొందునా అని వారు ఆలోచింపగా, వారిని పిలిపించిన వర్తకుడు అబ్దుల్లాసేఠు వారించెను. ఆ టోపీ పెట్టుకొన్నచో హోటలులో వడ్డించువాడని తలంతురని ఆయన హెచ్చరించినట్లు గాంధీజీ తమ ఆత్మకథలో వ్రాసిరి. తలపై నుండు గుడ్డ మనుష్యుని గౌరవమును నిర్ణయించు వస్తువని ఆ అనుభవము వారికి నేర్పెను.

డర్బనులో కాపురము పెట్టిన తరువాత మరియొక పాఠము లభించెను. వకీలు వేషమునకు ప్రతిదినము ఒక కాలరు, దినము విడిచి దినము ఒక చొక్కా మార్చవలెను. మెడపట్టీకి తగులు చెమట అట్టిది. చాకలి గడువునకు బట్టలు ఇయ్యకపోవుటచే రెండు మూడు డజనుల చొక్కాలు, కాలరులు ఉన్నను చాలకుండెను. ఖర్చును పెరిగెను. గాంధీజీ ఉతుకుటను గూర్చిన పుస్తకము నొకటి కొని చదివి, సామగ్రి తెచ్చి, తామే ఉతుక మొదలిడిరి, కస్తూరిబాయికిని నేర్పిరి. మొదటి దినమున గంజి ఎక్కువైనది. ఇస్త్రీపెట్టె చాలినంత కాగలేదు. కాలరు కాలునేమో యను భయముచే గట్టిగా ఒత్తలేదు. ఆ కాలరుతో న్యాయస్థానమునకు పోగా గంజి పొడిగా రాలుచుండెను. తోడి వకీళ్లు నవ్విరి. గాంధీజీ ఆ నవ్వునకు వెరవక, కాలక్రమమున చేయి తిరిగిన పనివారైరి.

1912 లో గోపాలకృష్ణ గోఖలే దక్షిణాఫ్రికాకు వచ్చినప్పుడు ఆయన వెంట ఒక ఉత్తరీయముండెను. అది మహాదేవ గోవింద రానడే కానుకగా ఇచ్చినది. జోహాన్నెస్‌బర్గు విందునకు దానిని వేసికొనవలెనని ఆయన కోరిక. అది నలిగియుండెను. చాకలికి పంపి తెప్పించు వ్యవధి లేదు. గాంధీజీ తాము ఇస్త్రీ చేయుదుమనిరి. వకీలుగా మిమ్ము నమ్ముదును గాని చాకలిగా నమ్మనని గోఖలే సంశయించిరి. గాంధీజీ పట్టువదలక చేసి ఆయన మెప్పు పొందిరి. ఆ తరువాత లోకమంతయు మెచ్చకున్నను తమకు లోటు లేదని వారు సంతోషించిరట. ఈ ఉదంతములను ఇచ్చట చెప్పుటకు కారణమున్నది. తరువాతి కాలమున టోపీని గూర్చి ఆలోచించినవారు బట్ట కట్టుకొనుట మాత్రమే ఎరిగినవారు కారు. బట్ట ఉతుకుట ఎరిగినవారు.

1915 లో స్వదేశమునకు తిరిగివచ్చునప్పటికి గాంధీజీ తలపై కాఠియవాడు తలపాగా ఉండెను. 1920 ప్రాంతమున ఆ తలపాగా పోయి, తెల్లని ఖద్దరుటోపీ వచ్చెను. ఈ మార్పు ఎట్లు జరిగెనో వారి ఆశ్రమవాసియైన కాకా కాలేల్కరు బాపూజీని గూర్చి వ్రాసిన జ్ఞాపకములలో తెలిపిరి. గాంధీజీ దేశములోని నానావిధములైన శిరోవేష్టనములను ఒక్కొక్కదానిని పరిశీలించిరట. పంజాబు తలపాగా చూచుటకు బాగుగనే యుండును గాని గుడ్డ ఎక్కువ పట్టును. పగిడీ ఎంత చెమట పీల్చినను పైకి కనబడనీయదు. అందుచే ఎవరును దానిని తరచుగా ఉతుకరు. అది మురికి వస్తువు. ఫెల్టుతో చేసినవి మరియొక దోషము గలవి. ఉత్తరదేశమున కొన్నిచోట్ల వాడు పలుచని టోపీ, టోపీ యనిపించుకొనదు. కడపట కాశ్మీరుటోపీ వారికి నచ్చెను. అది తేలికయైనది, కుట్టుట సులభము, మడచి జేబులో పెట్టుకొనవచ్చును. కాని కాశ్మీరమున దానిని ఉన్నితో చేయుదురు. మన ఎండలకు నూలుతో చేయుట మేలు.

తరువాత రంగు ప్రశ్న వచ్చెను. ఏ రంగును వారి మనస్సునకు రాలేదు. తెలుపునే నిశ్చయించిరి. కారణము ఇది: తెల్లగుడ్డపై చెమట మరక వెంటనే కనబడును. కనబడుటచే ఉతుకక తప్పదు. ఉతుకుటచే ఆరోగ్యము. మడత టోపీ యగుటచే ఇస్త్రీయు తేలిక. శ్రోతలు ఇచ్చట ఒక్క నిమిషము నిలిచి ఆలోచింపవలెను. అప్పటివరకు కచేరీ తలపాగాలు, దొరల టోపీలు మరకను దాచుటలో తమ నేర్పు చూపెను. ఈ టోపీ మరకను బయటపెట్టుటకు కుట్టబడినది. ఇతరులు దోషమనుకొనిన దానిని గాంధీజీ గుణముగా ఎంచిరి.

వారికి విదేశీవస్తువులపై గ్రుడ్డి ద్వేషము లేదని కూడ ఈ సందర్భమున చెప్పవలెను. ఐరోపానుండి వచ్చిన మేలైన కొలది వస్తువులలో సోలాటోపీ ఒకటియని 1929 లో వారు తమ పత్రికలో వ్రాసిరి. కన్నులకు, మెడకు ఎండ తగులకుండ కాపాడు దాని గుణమును మెచ్చుకొనిరి. అయినను జనసామాన్యమునకు అందుబాటులో నుండునది, తామే కుట్టుకొని, తామే ఉతుకుకొనగలిగినది నూలుటోపీయే.

ఆ టోపీ సహాయనిరాకరణోద్యమ దినములలో దేశమంతట వ్యాపించెను. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో మన బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమై, దేశమున 20 లక్షల రాట్నములు ఆడవలెనని తీర్మానించెను. ఖద్దరు తెలుగు గ్రామములలోను నేయబడెను. ముతక ఖద్దరు చెమటను బాగుగా పీల్చును. గుంజి ఉతికినను ఓర్చును. కొన్ని కొలువులలో పై యధికారులు ఈ టోపీతో పనికి రావద్దని ఆంక్షలు పెట్టిరి. రెండు అణాల గుడ్డముక్కను చూచి అంత ప్రభుత్వము ఉలికిపడెను. చిత్రమేమనగా, 1921 సెప్టెంబరు 22 న మధురలో గాంధీజీ కొల్లాయి ధరించి, టోపీని కూడ విడిచిరి. టోపీని సృష్టించినవారు దానిని ధరించినది కొలదికాలమే. దేశము మాత్రము దానిని దశాబ్దముల తరబడి ధరించెను.

అట్టి టోపీని ఇంట ఉతుకు విధమును ఇచ్చట చెప్పుట ఉచితము. నేటి యువకులు క్రీడలకు పెట్టుకొను నూలుటోపీలకును చాలవరకు ఇదే విధము చెల్లును. ముందువైపు రెక్కలో అట్ట యున్న పాతవానిని మాత్రము ముంచక, పట్టీ మట్టుకే తడిపి శుభ్రపరుపవలెను. మొదట చన్నీటిలో అరగంట నానవేయవలెను. ఉప్పు కరగును. మొదటనే మరుగునీరు పోయరాదు. చర్మపు మాలిన్యము వేడికి గుడ్డను పట్టుకొనును. తరువాత గింజ తీసిన కుంకుడుకాయలను నాలుగైదింటిని నలుగగొట్టి వేడినీటిలో నానవేసి, ఆ రసముతో నుదుటిపట్టీని లోపలను వెలుపలను రుద్దవలెను. పాత పసుపుమరక అప్పటికిని నిలిచియున్నచో, చాకలిసోడా ఒక చెంచాడు చెంబెడు గోరువెచ్చని నీటిలో కలిపి కొంతసేపు ఉంచవలెను. మందుల అంగడిలో నూటికి మూడు పాళ్ల హైడ్రోజను పెరాక్సైడు దొరకును. తెల్లనూలుపై దానిని తడిపి ఉంచినను పసుపు విరుగును. రంగుగుడ్డపై మాత్రము అంచున పరీక్షించిన పిమ్మటనే వాడవలెను. చాలమారులు మంచినీట జాడించి, కడపటి నీటిలో కొన్ని నిమ్మరసపు చుక్కలు వేసినచో మిగిలిన సోడా విరిగిపోవును. ఎండ తక్కిన పని చేయును. తడిగుడ్డపై పడు ఎండకు మించిన తెలుపుమందు లేదు.

గంజి, నీలిమందు తరువాతి అలంకారములు. నీలిమందు మరకను తీయదు. పసుపుపై లేతనీలము కలియుటచే కంటికి తెల్లగా తోచును. 1820 దశకమున ఫ్రాన్సులో కృత్రిమముగా ఆ నీలమును చేయుట నేర్చిన తరువాతనే అది ఇంటింట చవుకయ్యెను. బ్లీచింగు పదార్థములను గూర్చి ఒక హెచ్చరిక. క్లోరిను గలవి చెమటలోని మాలిన్యముతో కలిసి ఒక్కొక్కమారు మరకను మరింత పసుపు చేయును. ఉన్నిని, పట్టును తినివేయును. వానిని వినెగరుతోగాని, నిమ్మరసముతోగాని, అమోనియాతోగాని ఎన్నడును కలుపరాదు. పుట్టు వాయువు ప్రాణాపాయకరము.

1888 లో కలకత్తా రేవున సన్‌లైటు సబ్బు పెట్టెలు దిగెను. 1959 లో సర్ఫు, 1969 లో నిర్మా వచ్చెను. కుంకుడు పెరటిలోనే రాలి, చౌడు నేలపైనే మిగిలెను. అయినను నిర్మా వంటి పొడులలో ముఖ్యపాలు సోడాయే. మన చౌటిమన్నుకు అది దూరపు చుట్టమే. సాధనములు మారినవి గాని సూత్రము మారలేదు. మారినది వేరొకటి.

ఇంట చేసికొను మందు అని మనము సులభముగా అందుము. చేయునది ఎవరు? కుంకుళ్లు కొట్టినది ఇల్లాలు. చౌడు గోకి తెచ్చినది రజకస్త్రీ. క్షారపు నీటిలో నాని పగిలినవి వారి చేతులు. మన ఉత్తమాంగపు మాలిన్యమును వారి చేతులకు అప్పగించి, మనము తెల్లగా సభలకు పోయితిమి. గాంధీజీ కోరినది ఇది కాదు. మరక కనబడవలెననుటలో వారి ఉద్దేశము, ధరించినవాడు దానిని తానే చూచి, తానే ఉతుకుకొనవలెనని. స్వరాజ్యము వచ్చిన పిమ్మట అనేక సభావేదికలపై గంజిపెట్టి కత్తిమొనవలె ఇస్త్రీ చేసిన తెల్లటోపీలను మేము చూచితిమి. వానిలో ఒక్కదానికైనను చెమట వలయము కనబడలేదు. ఒకటి, చెమట పట్టు పని లేకయైనను ఉండవలెను. లేక ఆ మరకను ఎవరో ప్రతిదినము మన కంటబడకుండ కడుగుచునైనను ఉండవలెను. మరకను చూపుటకై కుట్టిన టోపీ ఈ విధముగా మరకను మరపించు టోపీ యయ్యెను.

నేడు ఆ తెల్లటోపీ తలలపై అరుదయ్యెను. ఇండ్లలో ఉతుకు యంత్రములు వచ్చినవి. చాకిరేవులు పెక్కుచోట్ల కనుమరుగయినవి. కాని మన ఇంటి మేకునకు ఏదో యొక టోపీ వ్రేలాడుచునే యున్నది. ఎండలో తిరుగు కుమారునిదో, మోటారుబండి నడుపు అల్లునిదో, ఉదయమున వాహ్యాళికి పోవు తాతగారిదో. ఈ ఆదివారమున దానిని వెల్లకిల త్రిప్పి, ఎవరిది వారు చేతబట్టుకొని బావి దగ్గరకో కొళాయి దగ్గరకో పోవుదురుగాక. కుంకుడు రసము సిద్ధముచేయు పని ఇల్లాలికి అప్పగింపక, దానిని కూడ తామే కొట్టుకొందురుగాక. మొదటి దినమున గంజి రాలవచ్చును, ఇంటిలోనివారు నవ్వవచ్చును. డర్బను న్యాయస్థానమున ఒక యువ వకీలును చూచియు అట్లే నవ్విరి.